చెవితో చదివే ఈమెయిల్

చూపులేనివాళ్ళు ఈమెయిల్ ఎలా చదువుతారు? పక్కన ఎవరైనా కూర్చుని చదివిపెట్టాలా? కనపడని తెరతో వాళ్ళకేం పని? కంప్యూటర్ల గురించి నలుగురు మాట్లాడుకునే చోట ఈ ప్రశ్న ఎవరో ఒకరు అడుగుతారు. అడగడంలో తప్పేమీ లేదు. చూపులేని మనిషి కంప్యూటర్ ముందు కూర్చుని చకచకా పని చేసుకుపోవడం మనలో చాలామంది చూసి ఉండరు.

రాయలసీమలోని నందికొట్కూరులో డిగ్రీ పూర్తిచేసి, బ్యాంకు ఉద్యోగాల పరీక్ష రాసిన ఒక అమ్మాయిని ఊహించుకోండి. పుట్టుకతోనే చూపు లేదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం దివ్యాంగులకు కేటాయించింది. అందులో 1 శాతం అంధులకూ, చూపు బాగా మందగించినవాళ్ళకూ చెందుతుంది. హక్కు ఉంది, చదువు ఉంది. అయితే హాల్‌టికెట్ వచ్చిందన్న కబురు, ఇంటర్వ్యూ తేదీ, ఉద్యోగంలో చేరమనే ఉత్తరం అన్నీ ఈమెయిల్‌లోనే వస్తాయి. ఆ ఉత్తరాన్ని ఆమె సొంతంగా చదువుకోలేకపోతే ఏం చేయాలి? ఇంటర్నెట్ సెంటర్‌కు వెళ్ళి, తన పాస్‌వర్డ్ పరాయివాళ్ళ చేతిలో పెట్టాలి. తన పేరున వచ్చిన ఉత్తరాన్ని మూడో మనిషి చేత చదివించుకోవడంలోని చిన్నతనం, బడి ముఖం చూడని మన ముందు తరాలవాళ్ళకు బాగా తెలుసు. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో చూపుకు సంబంధించిన వైకల్యం ఉన్నవాళ్ళు 50 లక్షలకు పైనే. ఇది ఏ ఒక్కరి ఇబ్బందో కాదు.

అసలు ప్రశ్నకు జవాబు చిన్నదే: ఆమె విని చదువుతుంది. తెరమీద ఏముందో పైకి చదివి వినిపించే ప్రోగ్రాములున్నాయి. వాటిని స్క్రీన్ రీడర్లు అంటారు. ఇక్కడ నేను తెరచదువరి అంటాను. ఫోన్లో అయితే ఆండ్రాయిడ్‌తోపాటు వచ్చే టాక్‌బ్యాక్, ఐఫోన్‌లో వాయిస్‌ఓవర్ ఆ పని చేస్తాయి. కంప్యూటర్‌లో జాస్, ఎన్‌వీడీఏ లాంటివి ఉన్నాయి. అయితే ఇన్ని ఉండి కూడా ఈమెయిల్ చదవడం ఎందుకు కష్టమవుతోంది? అసలు సంగతి ఇక్కడే మొదలవుతుంది.

యంత్రం తెరను చూడదు

తెరచదువరి అనగానే, కెమెరా లాంటిదేదో తెరమీది అక్షరాలను చూసి చదువుతుందని అనుకుంటాం. అది తెరను చూడనే చూడదు. ఈమెయిల్ ప్రోగ్రామును అడుగుతుంది: నేను ఇప్పుడు నిలబడ్డ చోట ఏముంది, దాని పేరేమిటి, అది ఏ రకం వస్తువు, ఏ స్థితిలో ఉంది? ప్రోగ్రాము చెప్పిన జవాబును మాటగా మార్చి వినిపిస్తుంది. జవాబు రాకపోతే వినిపించడానికి దాని దగ్గర ఏమీ ఉండదు.

నందికొట్కూరు బస్టాండులో నిలబడి చూస్తే ఈ సంగతి తేలిగ్గా అర్థమవుతుంది. బోర్డు చదవగలిగినవాళ్ళు దూరం నుంచే చూసి బస్సెక్కుతారు. చదవలేనివాళ్ళకు కండక్టరు కేకే ఆధారం. “కర్నూలు, కర్నూలు, పల్లెవెలుగు, కదులుతోంది రండి” అని అతను పిలిచాడంటే, ఆ ఒక్క కేకలో మూడు సంగతులు అందాయి. ఊరి పేరు తెలిసింది. బస్సు ఏ రకమో తెలిసింది. ఇప్పుడు ఏ స్థితిలో ఉందో తెలిసింది. పక్కనున్న ఆత్మకూరు బస్సు కండక్టరు కూడా అలాగే పిలుస్తాడు. ఇప్పుడు బస్టాండులోని కండక్టర్లందరూ “బస్సు, బస్సు, బస్సు” అని మాత్రమే అరుస్తున్నారనుకోండి. చెప్పింది నిజమే, అవి బస్సులే. కానీ ఆ కేక విని ఎవరు ఏ ఊరికి పోగలరు?

సరిగ్గా రాయని ఈమెయిల్ ప్రోగ్రాములో మన అమ్మాయికి వినిపించేది ఇదే: “బటన్, బటన్, బటన్.” పెన్సిల్ బొమ్మ ఉంటే కొత్త ఉత్తరమనీ, చెత్తబుట్ట ఉంటే తీసేయడమనీ, వంచిన బాణం ఉంటే జవాబు ఇవ్వడమనీ కన్ను చెప్పేస్తుంది. ఆ బొమ్మల వెనుక ప్రోగ్రాము రాసినవాళ్ళు పేరు పెట్టకపోతే తెరచదువరికి బొమ్మ ఉందని తెలుస్తుంది గానీ, అది దేనికో తెలియదు. పేరు పెట్టడానికి పట్టేది ఒక్క నిమిషం. ఆ నిమిషం పెట్టకపోవడం వల్ల ఒక మనిషి ఉత్తరం తీసేయబోయి జవాబు పంపేస్తుంది, జవాబు పంపబోయి తీసేస్తుంది.

ఈ ప్రశ్నోత్తరాల పద్ధతి మొదటి నుంచీ ఉన్నది కాదు. 1980లలో చాలా కంప్యూటర్లలో తెర అంటే అక్షరాల వరుసలే. ఆ వరుసలను ఉన్నవి ఉన్నట్టు గొంతుకు అప్పగిస్తే సరిపోయేది. అమెరికాలో మోటార్‌సైకిల్ పందేలలో పోటీ చేసే టెడ్ హెంటర్ 1978లో కారు ప్రమాదంలో చూపు పోగొట్టుకుని, ప్రోగ్రాములు రాయడం నేర్చుకున్నాడు. జాస్ అనే తెరచదువరి ఆయన సంస్థ నుంచే 1989లో బయటికి వచ్చింది. తర్వాత విండోస్ వాడకం పెరిగింది. తెరంతా బొమ్మలూ కిటికీలూ మౌసు బాణమూ అయిపోయాయి. చూపున్నవాళ్ళకు కంప్యూటర్ సులువైన రోజులే, చూపులేనివాళ్ళకు అది చేజారిపోయిన రోజులు. 1997లో మైక్రోసాఫ్ట్ ఒక ఉమ్మడి ఏర్పాటు తెచ్చింది. ప్రతి ప్రోగ్రామూ తనలోని వస్తువుల పేరు, రకం, స్థితి ఒకే తీరులో చెప్పాలి. ఏ తెరచదువరైనా వచ్చి అడగవచ్చు. తర్వాత వచ్చిన ఏర్పాట్లదీ ఇదే దారి.

జాస్ ఖరీదైనది. మన దగ్గర ఒక విద్యార్థి కొనుక్కోగలిగేది కాదు. ఆ గోడను కూలగొట్టినవాళ్ళు ఇద్దరు ఆస్ట్రేలియా యువకులు, మైఖేల్ కరన్, జేమ్స్ టే. ఇద్దరికీ చూపు లేదు. చిన్నప్పుడు ఒక సంగీత శిబిరంలో కలుసుకుని స్నేహితులయ్యారు. చూపున్నవాడు కంప్యూటర్‌కు ఇచ్చే ధర కంటే ఎక్కువ చూపులేనివాడు ఎందుకు ఇవ్వాలి అన్నది వాళ్ళ ప్రశ్న. 2006లో కరన్ ఎన్‌వీడీఏ రాయడం మొదలుపెట్టాడు. అది ఉచితం, లోపలి రాత అందరూ చూసుకోవచ్చు, మార్చుకోవచ్చు. అందులో ఉన్న ఈస్పీక్ గొంతు తెలుగు కూడా పలుకుతుంది. మర గొంతే, అయినా మాట తెలుస్తుంది. టే తర్వాత మొజిల్లా సంస్థలో చేరి, ఫైర్‌ఫాక్స్ బ్రౌజరు తెరచదువరికి జవాబులు చెప్పే లోపలి భాగం మీద పనిచేశాడు. థండర్‌బర్డ్ ఈమెయిల్ ప్రోగ్రాము కూడా ఫైర్‌ఫాక్స్ ఇంజను మీదే నడుస్తుంది. కంప్యూటర్ చరిత్ర చెప్పేటప్పుడు ఈ ఇద్దరి పేర్లూ పెద్ద పెద్ద కంపెనీల యజమానుల పేర్ల పక్కన రావాలని నా అభిప్రాయం.

చెవికి ఒకసారి ఒక మాటే

కన్ను ఒక్క చూపులో యాభై ఉత్తరాల జాబితాను జల్లెడ పడుతుంది. నల్లగా మందంగా ఉన్నవి చదవనివి, పిన్ను గుర్తు ఉన్నవాటికి కాగితాలు జతచేశారు, పైనున్నది ఇవాళ్టిది. చెవికి ఆ వెసులుబాటు లేదు. ఒక మాట తర్వాతే ఇంకో మాట. అందుకే అలవాటుపడ్డ వాళ్ళు తెరచదువరి వేగాన్ని మామూలు మాటకు రెండు మూడు రెట్లు పెంచుకుంటారు. కొత్తవాళ్ళు వింటే ఏదో గొణుగుడు లాగా ఉంటుంది. వాళ్ళకు అది స్పష్టమైన మాటే.

ఇక్కడ వరుస చాలా ముఖ్యం. జాబితాలో ఒక్కో ఉత్తరం దగ్గర ఆగినప్పుడు, “చదవనిది, ఫలానా బ్యాంకు, ఇంటర్వ్యూ తేదీ, నిన్న” అని వినిపిస్తే నాలుగు మాటల్లో పని తేలిపోతుంది. “చెక్‌బాక్స్, టిక్ పెట్టలేదు, నక్షత్రం, పెట్టలేదు, ముఖ్యమైనది, కాదు” అంటూ మొదలైతే పంపినవాళ్ళ పేరు చేరేసరికి ఏడు మాటలు అయిపోతాయి. యాభై ఉత్తరాలకు మూడు వందల యాభై మాటలు వృథా. తెరమీద ఆ గుర్తులు అరంగుళం చోటే ఆక్రమిస్తాయి కాబట్టి ప్రోగ్రాము రాసినవాళ్ళకు ఆ భారం కనపడదు.

ఇంకో చిక్కు మీటలది. మౌసు బాణం ఎక్కడుందో చూడలేని మనిషి పనంతా కీబోర్డు మీదే చేయాలి. ఎన్‌వీడీఏలో ఒక పేజీ మీద తిరుగుతున్నప్పుడు ఒక్కో అక్షరానికి ఒక్కో పని ఉంటుంది. హెచ్ కొడితే తర్వాతి శీర్షికకు, కె కొడితే తర్వాతి లింకుకు, ఇ కొడితే రాసే గడికి పోతుంది. జీమెయిల్‌కు తన సొంత ఒంటి అక్షరపు మీటలున్నాయి. అక్కడ ఇ కొడితే ఉత్తరం ఇన్‌బాక్స్ నుంచి పాతవాటిలోకి పోతుంది. అదే మీట, రెండు అర్థాలు. ఏది పనిచేస్తుందన్నది ఆ క్షణాన తెరచదువరి తిరిగే పద్ధతిలో ఉందా, రాసే పద్ధతిలో ఉందా అన్నదాన్ని బట్టి ఉంటుంది. ఈ మెలిక నేర్చుకోవడానికి కొత్తవాళ్ళకు ఎంతో ఓపిక కావాలి. హైదరాబాదులోని ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ పునరావాస విభాగం లాంటి చోట్ల కంప్యూటర్ శిక్షణ ఇస్తున్నారు. రాయలసీమలో ప్రతి జిల్లా కేంద్రంలోనూ అలాంటి శిక్షణ అందాలి.

ఉత్తరం తీసేశాక ఏమవుతుందన్నది ఇంకా సూక్ష్మమైన సంగతి. తీసేసిన ఉత్తరం తర్వాతి దాని మీదికి తెరచదువరి దానంతట అదే చేరాలి. కొన్ని ప్రోగ్రాముల్లో అది పేజీ మొదటికి ఎగిరిపోతుంది. ఇరవయ్యో ఉత్తరం దాకా దిగివచ్చిన మనిషి మళ్ళీ మొదటి నుంచి దిగాలి. అలాగే, ఉత్తరం పంపగానే తెర అడుగున “పంపబడింది, వద్దనుకుంటే వెనక్కి తీసుకోండి” అని ఒక చిన్న పట్టీ మెరిసి మాయమవుతుంది. జీమెయిల్‌లో ఈ గడువును 5, 10, 20, 30 సెకన్లలో ఏదో ఒకటిగా పెట్టుకోవచ్చు. ఆ పట్టీ వచ్చిందని ప్రోగ్రాము నోరు తెరిచి చెప్పకపోతే, ఎంత గడువున్నా లేనట్టే. అడగకపోయినా ముఖ్యమైన మార్పును తెరచదువరికి చెప్పే పద్ధతి వెబ్ ప్రమాణాల్లో ఎప్పటినుంచో ఉంది. వాడుకోవాలి, అంతే.

చూపులేని గణిత విద్యార్థిగా పుణెలో చదివి, అమెరికాలోని కోర్నెల్‌లో 1994లో పీహెచ్‌డీ తీసుకున్న టి.వి. రామన్ ఈ సమస్యను మూలం నుంచి మార్చి ఆలోచించారు. తెరను చదివించడం ఎందుకు, ప్రోగ్రామే తనకు తెలిసినదాన్ని అర్థవంతంగా మాట్లాడాలి కదా అన్నారు. 1995లో ఆయన విడుదల చేసిన ఈమాక్‌స్పీక్ అలాగే పనిచేస్తుంది. కంటికి రంగు ఎంత పని చేస్తుందో, అందులో గొంతు మార్పు అంత పని చేస్తుంది. ఉత్తరంలో మీరు రాసిన మాట ఒక గొంతులో, మీరు ఎత్తి రాసిన అవతలివాళ్ళ మాట ఇంకో గొంతులో వినిపించవచ్చు. ఇవాళ్టికీ చాలా ఈమెయిల్ ప్రోగ్రాములు ఆ స్థాయికి చేరలేదు.

అన్నీ ముందుకే పోతున్నాయని అనుకోకూడదు. జీమెయిల్‌కు చాలాకాలం పాటు ఒక సాదా రూపం ఉండేది. వేగం లేని ఇంటర్నెట్ కోసం ఉద్దేశించిన ఆ పేజీ, తెరచదువరులతో చదివే చాలామందికి ప్రియమైనది, ఎందుకంటే అందులో లింకులూ మాటలూ తప్ప ఆర్భాటం లేదు. 2024లో గూగుల్ దాన్ని తీసేసింది. కొత్త రూపాన్ని కూడా తెరచదువరితో వాడుకోవచ్చు. కానీ ఏళ్ళ తరబడి వేళ్ళకు అలవాటైన దారి ఒక్కసారిగా మూసేస్తే, మళ్ళీ మొదటి నుంచి నేర్చుకునే శ్రమ ఎవరిమీద పడుతుందో ఆలోచించాలి.

తెలుగు ఉత్తరం దగ్గరికి వచ్చేసరికి

ఇప్పటిదాకా చెప్పింది ప్రోగ్రాము రాసేవాళ్ళ బాధ్యత. తెలుగు ఉత్తరం విషయంలో రాసే మనందరికీ వాటా ఉంది.

తెలుగు అక్షరాలకు యూనికోడ్‌లో 1991లోనే చోటు దొరికింది. అంటే ప్రతి తెలుగు అక్షరానికీ ప్రపంచంలోని కంప్యూటర్లన్నీ ఒప్పుకునే ఒక అంకె ఉంది. విండోస్ ఎక్స్‌పీ 2001లో గౌతమి ఫాంటుతో వచ్చాక మామూలు కంప్యూటర్లలో కూడా ఆ తెలుగు కనపడసాగింది. కానీ అంతకుముందే మన అచ్చు ప్రపంచం ‘అను’ లాంటి ఫాంట్ల మీద నిలదొక్కుకుంది. ఆ ఫాంట్లు తెలుగు అచ్చుకు చేసిన మేలు చిన్నది కాదు. అయితే వాటిలో కంప్యూటర్ దాచుకునేది తెలుగు అక్షరాలను కాదు, ఇంగ్లీషు అక్షరాలనూ ఏవో గుర్తులనూ. వాటిమీద ఫాంటు తెలుగు ఆకారం తొడుగుతుంది. కంటికి చక్కటి తెలుగే. తెరచదువరి అడిగేది మాత్రం లోపల దాచిన దాన్ని. అందుకే డీటీపీ సెంటర్‌లో కొట్టించిన ఆహ్వానాన్నో, ప్రకటననో అలాగే తెచ్చి ఈమెయిల్‌లో అతికిస్తే, మన అమ్మాయికి పొంతన లేని ఇంగ్లీషు అక్షరాలు వినిపిస్తాయి. ఎన్నిసార్లు విన్నా అందులో ఒక్క తెలుగు మాట కూడా దొరకదు. యూనికోడ్‌లోకి మార్చే ప్రోగ్రాములు ఉచితంగానే దొరుకుతున్నాయి. మార్చి పంపడం పంపేవాళ్ళ పని, వినేవాళ్ళ పని కాదు.

దీనికంటే పెద్ద చిక్కు స్కానింగు. మన కార్యాలయాల్లో ఉత్తర్వును కంప్యూటర్‌లో టైపు చేస్తారు, అచ్చు తీస్తారు, సంతకం పెట్టి ముద్ర వేస్తారు, మళ్ళీ స్కాన్ చేసి పీడీఎఫ్‌గా జతచేసి పంపుతారు. టైపు చేసినప్పుడు అక్షరాలుగా ఉన్నది, స్కాన్ అయ్యేసరికి ఫోటో అయిపోయింది. తెరచదువరి ఆ కాగితాన్ని తెరిచి “ఖాళీ” అంటుంది. ఫోటోలోంచి అక్షరాలను ఊహించే ప్రోగ్రాములు ఉన్నాయి, మెరుగవుతున్నాయి కూడా. కానీ వంకరగా పడ్డ కాగితం, అక్షరాల మీద పడ్డ ముద్ర, చిన్నగా ఉన్న వత్తులు వాటిని తడబెడతాయి. ఉద్యోగ ఉత్తర్వులో తేదీ తప్పుగా ఊహిస్తే ఆ నష్టం ఎవరిది?

తెలుగు లిపి స్వభావం నుంచి వచ్చే మెలికలు కూడా ఉన్నాయి. ‘లక్ష్మి’ అని రాయండి. కంటికి రెండు అక్షరాలు. కంప్యూటర్ లోపల ఏడు గుర్తులు: ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి. వెనక్కి చెరిపే మీట ఒకసారి నొక్కితే చాలా ప్రోగ్రాముల్లో మొత్తం అక్షరం పోదు, గుడి మాత్రమే పోతుంది. చూపున్నవాళ్ళు తెరమీద చూసి సర్దుకుంటారు. చెవితో రాసేవాళ్ళకు పోయింది గుడి అని వినిపించాలి, మిగిలింది ‘లక్ష్మ’ అని వినిపించాలి. ఇలాంటి చిన్న పనులను ఇంగ్లీషు మాత్రమే తెలిసిన ఇంజనీరు ఊహించలేడు. ఇవి తెలుగు తెలిసినవాళ్ళే చేయాల్సినవి.

మన ఉత్తరాలు తెలుగూ ఇంగ్లీషూ కలిసి ఉంటాయి. ఏ వాక్యం ఏ భాషదో ఉత్తరంలో గుర్తు పెట్టి ఉంటే తెరచదువరి గొంతు మార్చుకుంటుంది. గుర్తు లేకపోతే ఇంగ్లీషు గొంతు తెలుగు మాట దగ్గర తడబడుతుంది. కొన్ని గొంతులు చప్పుడు చేయకుండా దాటేసిపోతాయి. వదిలేశాయని వినేవాళ్ళకు తెలియను కూడా తెలియదు. తెలుగు గొంతులు మాత్రం మెరుగయ్యాయి. మన భాషలకు కృత్రిమ గొంతులు తయారుచేయడానికి ఐఐటీ మద్రాసు నాయకత్వంలో జరిగిన ఉమ్మడి కృషిలో హైదరాబాదు ట్రిపుల్ఐటీ పాలుపంచుకుంది. గొంతు సిద్ధంగా ఉంది, దానికి అందించాల్సిన అక్షరాలు మన దగ్గరే ఆగిపోతున్నాయి.

చట్టం ఏమంటుంది

ఈ పని చేయడం చేయకపోవడం కంపెనీ ఇష్టం అనుకునే రోజులు పోతున్నాయి. 2016 చట్టమే సమాచారం అందరికీ అందే రూపంలో ఉండాలంది. భారత ప్రమాణాల సంస్థ 2021లో ఐఎస్ 17802 పేరుతో ప్రోగ్రాములకూ వెబ్‌సైట్లకూ ప్రమాణం తెచ్చింది. అయితే అమలు దగ్గర నిబంధనలు సలహాల్లా మిగిలిపోయాయి. 2024 నవంబరు 8న రాజీవ్ రాతూరి కేసులో సుప్రీంకోర్టు దీన్నే తప్పుపట్టింది. ఏయే ప్రమాణాలు తప్పనిసరో విడదీసి చెప్పమని కేంద్రాన్ని ఆదేశించింది. ఆ తీర్పుకు ఆధారమైన క్షేత్ర నివేదికను తయారుచేసింది హైదరాబాదులోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయపు వైకల్య అధ్యయన కేంద్రం. 2025 ఏప్రిల్ 30న ప్రజ్ఞా ప్రసూన్ కేసులో అదే కోర్టు, డిజిటల్ సేవలు అందుబాటులో ఉండడం రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమని చెప్పింది.

కంపెనీల లోపల కూడా మార్పు మొదలైంది. మైక్రోసాఫ్ట్‌ను 2014 నుంచి నడిపిస్తున్న సత్య నాదెళ్ళ హైదరాబాదులో పుట్టారు. సెరిబ్రల్ పాల్సీతో పుట్టి 2022లో కన్నుమూసిన తన కుమారుడు జైన్ తనకు ఏం నేర్పాడో నాదెళ్ళ 2017లో వచ్చిన తన పుస్తకంలో రాశారు. ఆ సంస్థ ఔట్‌లుక్‌లో ఇవాళ ఒక మంచి ఏర్పాటు ఉంది. నాకు తెరచదువరికి అందే ఉత్తరాలు పంపండి అని ముందే గుర్తు పెట్టుకుంటే, మీకు రాస్తున్నవాళ్ళకు ఆ సంగతి తెలుస్తుంది. పంపేముందు తప్పులు వెతికి చూపే పరీక్ష కూడా ఉంది. బొమ్మకు వివరణ లేకపోతే, లింకు పేరు ‘ఇక్కడ’ అని మాత్రమే ఉంటే పట్టుకుంటుంది. లింకుల జాబితాను మాత్రమే వినే మనిషికి పది ‘ఇక్కడ’లు వినిపిస్తే ఏది ఎక్కడికో తెలియదు. అందుకే ఆ పరీక్ష అవసరం.

చట్టం, కంపెనీలు తమ పని చేసినా, ఉత్తరం పంపేవాళ్ళ పని మిగిలే ఉంటుంది. మన అమ్మాయి ఊరు నందికొట్కూరులో మండల కార్యాలయం ఉంది, కళాశాలలున్నాయి, బ్యాంకులున్నాయి. అక్కడ ఉత్తరాలు పంపే ఉద్యోగులకు ఒక మాట. సంతకం, ముద్ర ఉన్న స్కాన్ కాపీ తప్పనిసరైతే పంపండి. దానితోపాటు మీరు మొదట టైపు చేసిన ఫైలును కూడా, యూనికోడ్‌లో, అదే ఈమెయిల్‌కు జతచేయండి. అది మీ కంప్యూటర్‌లో ఇప్పటికే ఉంది.